అష్టావధానానికి వినపడని అతిథులు వస్తున్నారు: హాల్లో ఏర్పాట్లు ఎలా చేయాలి?

గోదారిగట్టు (రాజమండ్రి)
ఆదివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మా వీధి గ్రంథాలయం తరఫున ఉగాదికి అష్టావధానం పెడుతున్నాం, అంటే ఎనిమిది మంది అడిగేవాటికి అవధాని ఒకే సభలో పద్యాలతో, మాటలతో జవాబిచ్చే కార్యక్రమం. కల్యాణ మండపం మాట్లాడేశాం, అవధాని గారు ఒప్పుకున్నారు. మా సభ్యుల్లో ఇద్దరు పెద్దాయనలు హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటారు. ఇంకో సభ్యుడి కూతురు, అల్లుడు పుట్టుకతోనే వినపడనివాళ్లు, సైగల భాషలో మాట్లాడుకుంటారు. ఆ అమ్మాయి వాట్సాప్‌లో అడిగింది: "అంకుల్, మేమూ వద్దామనుకుంటున్నాం. స్టేజీ మీద ఏం జరుగుతోందో మాకు తెలిసే ఏర్పాటు ఏమైనా ఉంటుందా?"

కమిటీలో పెడితే "ముందు వరసలో కుర్చీలు వేద్దాం" అన్నారు. అంతకు మించి ఎవరికీ ఏమీ తోచలేదు. ముందు వరసలో కూర్చుంటే సైగల భాష వాళ్లకి ఏం ఉపయోగమో నాకైతే అర్థం కాలేదు. నాలుగొందల మంది పట్టే హాలు. కింద మార్బుల్, గోడలకి టైల్స్, మాట గింగురుమంటుంది. బడ్జెట్ అంతంతమాత్రం. తెలిసినవాళ్లు చెప్పండి.

సౌండ్ సత్తిబాబు (కాకినాడ)
ఆదివారం, రాత్రి 9.34

అన్నా, ముందు హాలు సంగతి చూడు. మార్బుల్, టైల్స్ ఉన్నచోట మాట గోడకి కొట్టుకుని తిరిగొస్తుంది. మామూలు చెవికే సగం పోతుంది. నడిచే దారి వదిలేసి కింద జంపఖానాలు పరిపించు, వెనక గోడకి మందపాటి పరదాలు కట్టించు. టెంట్ హౌస్ వాడి దగ్గర అన్నీ ఉంటాయి. స్టేజీ పక్కన పెద్ద కూలర్లు పెడతారు చూడు, వాటి రొద నేరుగా మైకులోకి పోతుంది. వాటిని వెనక్కి జరిపించు.

ఇంకోటి. మన సభల్లో "నా గొంతు పెద్దదే, నాకు మైకు అక్కర్లేదు" అనే పెద్దమనిషి ఒకడుంటాడు. అతన్ని ఊరుకోనివ్వకు. అవధానిని ప్రశ్నలు అడిగే పృచ్ఛకులు ఎనిమిది మందికీ ఎనిమిది మైకులు ఉండాలి. ఒక్క మైకు చేతులు మారుతూ ఉంటే ప్రతిసారీ మొదటి రెండు మాటలు ఎగిరిపోతాయి.

ఆడియో లక్ష్మి (విశాఖపట్నం)
ఆదివారం, రాత్రి 10.02

సత్తిబాబు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చేసేదాన్ని. దానికి లెక్క కూడా చెప్తాను. మామూలు చెవికి, చుట్టూ ఉన్న రొద కంటే మాట కాస్త పైన ఉంటే సరిపోతుంది. వినికిడి తగ్గినవాళ్లకి కనీసం 15 డెసిబెల్స్ పైన ఉండాలి. నోటికీ మైకుకీ మధ్య దూరం సగం చేస్తే మైకుకి అందే మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది. పైసా ఖర్చు లేని పని అదొక్కటే.

పెద్దవాళ్ల విషయంలో ఇంట్లోవాళ్లకి అర్థం కానిది ఒకటుంది. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేది సన్నటి శబ్దాలు. అచ్చులు బాగానే వినపడతాయి. స, శ, ఫ లాంటి హల్లులు జారిపోతాయి. అందుకే "వినపడుతోందిరా, అర్థం కావడం లేదు" అంటారు. అది సాకు కాదు, నిజంగా జరిగేదే అది. అప్పుడు మనం గట్టిగా అరిస్తే పెరిగేది అచ్చుల చప్పుడే. ఎదురుగా నిలబడి, మొహం కనపడేలా, కాస్త నిదానంగా చెప్పాలి.

మన చట్టం, అంటే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, మాటల స్థాయి శబ్దాలకి రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ లోపం ఉంటే బధిరుల కింద లెక్క. 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి మందగించినవాళ్లు. మీ పెద్దాయనలు ఇందులో దేనికిందకీ రాకపోవచ్చు. అయినా ఆ హాల్లో సగం మాట పోగొట్టుకుంటారు. కాబట్టి సర్టిఫికెట్ చూసి ఏర్పాట్లు చేయకండి.

ఎడమచెవి (హైదరాబాద్)
ఆదివారం, రాత్రి 10.40

నాకు నలభై దాటాక వినికిడి పోయింది. కుడి చెవి పూర్తిగా, ఎడమ చెవి ముక్కాలు వంతు. సైగల భాష రాదు. ఈ వయసులో నేర్చుకున్నా ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరు. నాకు కావాల్సింది తెర మీద అక్షరాలు.

పెదాలు చూసి అర్థం చేసుకుంటారులే అని చాలామంది అనుకుంటారు. అద్దం ముందు నిలబడి గొంతు బయటకి రాకుండా "పాట, బాట, మాట" అని చూడండి. మూడూ ఒక్కలాగే ఉంటాయి. క, గ అయితే అసలు పెదాల మీదకే రావు. మిగతాదంతా సందర్భం చూసి ఊహించుకోవడమే. అవధానంలో సందర్భం ఏముంటుంది! రాముడి గురించి పద్యం నడుస్తుంటే, మధ్యలో సంబంధం లేని ప్రశ్నలు వేసే అప్రస్తుత ప్రసంగం ఆయన ఉల్లిపాయల ధర అడుగుతాడు.

పద్యప్రియ (తెనాలి)
సోమవారం, ఉదయం 6.15

అందరి మీదా గౌరవంతోనే అంటున్నాను. పద్యం చెవికి సంబంధించిన కళ. యతి, ప్రాస, ధార, రాగం తీసి చదవడం, ఇవన్నీ వినాల్సినవి. ఏర్పాట్లు ఎన్ని చేసినా వినపడనివారికి అందేది వట్టి అర్థం. దానికి పుస్తకం చాలదా? మరో ఇబ్బంది కూడా ఉంది. పద్యాలు తెర మీద వేస్తే అవధాని చూస్తారు. ఇక ధారణకి, అంటే చెప్పిన పద్యాలన్నీ గుర్తుంచుకుని చివర్లో అప్పజెప్పడానికి, విలువ ఏముంది? నలుగురి కోసం నాలుగొందల మంది కార్యక్రమాన్ని పాడుచేసుకోవద్దని నా మనవి.

మౌనవేణి (విజయవాడ)
సోమవారం, ఉదయం 8.05

నేను పుట్టుకతో బధిరురాలిని. సైగల భాష నా మొదటి భాష, తెలుగు రెండోది. పద్యప్రియ గారికి జవాబు చెప్తాను.

ఇంట్లో పెళ్లికో పండక్కో ఇరవై మంది కూర్చుని తింటారు. ఎవరో ఏదో అంటారు, అందరూ పగలబడి నవ్వుతారు. నేను పక్కవాళ్ల మోచెయ్యి తడతాను. "తర్వాత చెప్తాలే" అంటారు. లేదంటే ఐదు నిమిషాల కథని ఒక్క ముక్కలో చెప్పి మళ్లీ అటు తిరుగుతారు. పుస్తకం చదువుకోమని మీరు చెప్పేది కూడా "తర్వాత చెప్తాలే" లాంటిదే సార్. ఆ నిమిషంలో, అందరితో పాటు నవ్వాలని మాకుంటుంది.

ఇక ప్రాస. మా భాషలోనూ కవిత్వం ఉంది. ఒకే చేతి ఆకారం మళ్లీ మళ్లీ వచ్చేలా సైగలు ఏరుకుని కూర్చడం మాకు ప్రాసలాంటిదే. చూడ్డానికి భలే ఉంటుంది. ఒకసారి చూడండి.

గోదారిగట్టు గారూ, ఆ అమ్మాయినే అడగండి: మాటని సైగల్లోకి మార్చి చెప్పే ఇంటర్‌ప్రెటర్ కావాలా, తెర మీద అక్షరాలు కావాలా, రెండూనా? సైగల్లో పెరిగిన చాలామందికి గబగబా పోయే తెలుగు చదవడం కష్టం. గ్రాంథికం అయితే మరీను. మీరు మీరే అనుకుని నిర్ణయించేయకండి.

డల్లాస్ బాబాయ్ (టెక్సస్)
సోమవారం, ఉదయం 8.50

ఇక్కడ అమెరికాలో 1990లో వచ్చిన ఏడీఏ అనే దివ్యాంగుల చట్టం వల్ల సభలు పెట్టేవాళ్లు ఇలాంటి ఏర్పాట్లు చేయాలి. ఆ ఖర్చు బధిరుల టికెట్ మీద వేయకూడదు. పెద్ద సభల్లో కార్ట్ అని ఉంటుంది. స్టెనో మిషన్ మీద ఒకరు వింటూనే కొట్టేస్తారు, తెర మీద వస్తుంది. మన తెలుగు సంఘం వాళ్లు పాటల కార్యక్రమాలకి లక్షల డాలర్లు పెడతారు గానీ దీని ఊసెత్తితే మాత్రం "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు. చట్టం ఉన్న దేశంలోనే మనవాళ్ల తీరు ఇది.

లా చదువుతున్నా (హైదరాబాద్)
సోమవారం, ఉదయం 9.30

మనకీ చట్టం ఉంది బాబాయ్ గారూ. 2016 చట్టంలో 29వ సెక్షన్ పూర్తిగా సంస్కృతి, వినోదం గురించే. 2024 మార్చిలో కేంద్ర సమాచార, ప్రసార శాఖ థియేటర్లలో సినిమాలకి క్యాప్షన్లు ఉండాలని మార్గదర్శకాలు ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు చేస్తే చేశారు లేకపోతే లేదు అన్నట్టు ఉంటే కుదరదు, తప్పనిసరి చేయండి అంది. ఆ కేసులో కోర్టు అధ్యయనం చేయమని అడిగింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని దివ్యాంగుల అధ్యయన కేంద్రాన్నే. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టులో బధిర న్యాయవాది సారా సన్నీ సైగల భాష ఇంటర్‌ప్రెటర్ సాయంతో వాదించారు.

వీధి గ్రంథాలయం అవధానం మీద ఎవరూ కేసు వేయరనుకోండి. చట్టమే లేదన్న మాటకి చెప్పానంతే.

ఎడమచెవి
సోమవారం, ఉదయం 10.12

చట్టం సంగతి అటుంచి పని చూద్దాం. ఆండ్రాయిడ్ ఫోన్లలో మాట విని అక్షరాల్లో చూపించే గూగుల్ వాళ్ల లైవ్ ట్రాన్‌స్క్రైబ్ ఉంది, 2019 నుంచి. తెలుగులోనూ వస్తుంది, ఉచితం. బ్యాంకులో, మెడికల్ షాపులో నాకు బాగానే ఉపయోగపడుతుంది. పద్యం వినిపిస్తే మాత్రం చిత్తుచిత్తు చేస్తుంది. సంధులన్నీ విరగ్గొట్టి ఏవో మాటలు పెడుతుంది. వ్యాఖ్యానానికి పర్లేదు, పద్యానికి మనిషే కావాలి.

మీ ఊళ్లో పాత డీటీపీ ఆపరేటర్‌ని పట్టుకోండి. అను ఫాంట్స్‌లో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు ఏళ్ల తరబడి కొట్టిన చేతులవి. ఛందస్సు తెలిసిన ఒకరిని పక్కన కూర్చోబెడితే చాలు. అవధాని ఒక్కో పాదమే చెప్తారు, మధ్యలో పృచ్ఛకుల అల్లరి ఉంటుంది. కొట్టడానికి కావాల్సినంత టైముంటుంది.

మౌనవేణి
సోమవారం, ఉదయం 11.00

ఇంటర్‌ప్రెటర్ల గురించి. ఒక్కరిని పిలవకండి, ఇద్దరు ఉండాలి. ఇరవై నిమిషాలకోసారి మారతారు. అంతకన్నా ఎక్కువసేపు చేస్తే చేతుల కంటే ముందు బుర్ర అలిసిపోతుంది, తప్పులు వస్తాయి. మూడు గంటల అవధానానికి ఒక్కరిని నిలబెట్టడం అన్యాయం. "మా బంధువుల అమ్మాయికి కొంచెం సైగలు వచ్చు" అని ఎవరైనా అంటే వద్దనండి. ఢిల్లీలో 2015లో పెట్టిన భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఇంటర్‌ప్రెటింగ్‌లో డిప్లొమా ఇస్తుంది. అలా చదివినవాళ్లనే పిలవండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో, వినికిడి, మాట లోపాల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ వాకబు చేయొచ్చు.

వాళ్లు స్టేజీ మీద అవధాని గారి పక్కనే నిలబడాలి. హాలు మూలన పెడితే మేం ఇటు చూడాలా, అటు చూడాలా? పువ్వుల చొక్కాలు వద్దు, ఒకే ముదురు రంగు బట్టలు. మొహం మీద, చేతుల మీద వెలుతురు పడాలి. ప్రొజెక్టర్ కోసం లైట్లు తీసేస్తారు చూడండి, అప్పుడు మాకు చీకటే. కరెంటు పోతే జనరేటర్ మీద మైకు, ఫ్యాన్లు వేసి ఆ ఒక్క లైటు మర్చిపోతారు.

సౌండ్ సత్తిబాబు
సోమవారం, ఉదయం 11.20

ఆ లైటు నేను చూసుకుంటా అక్కా. కాకినాడ నుంచి గంటన్నర దూరం, నేనే వస్తా.

తాతగారి మనవరాలు (భీమవరం)
సోమవారం, మధ్యాహ్నం 1.45

చర్చ దారి మళ్లిస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా తాతయ్యకి వినికిడి మెషీన్ కొన్నాం. వారం పెట్టుకుని డ్రాయర్లో పడేశారు. "గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినపడదు" అంటారు. చెమటకి రెండుసార్లు పాడైంది కూడా. ఏం చేయాలి?

ఆడియో లక్ష్మి
సోమవారం, మధ్యాహ్నం 2.30

అమ్మా, కళ్లజోడు పెట్టుకోగానే కనపడినట్టు మెషీన్ పెట్టుకోగానే వినపడదు. ఏళ్ల తరబడి సన్నటి శబ్దాలు అందని మెదడుకి గిన్నెల చప్పుడు ఒక్కసారిగా పిడుగులా తగులుతుంది. మొదట్లో ఇంట్లో, ఒక్కరితో మాట్లాడేటప్పుడు కాసేపు పెట్టుకోమనండి. మెల్లగా సమయం పెంచాలి. కొన్నచోటికే మళ్లీ తీసుకెళ్లి, గిన్నెల చప్పుడు బాధిస్తోందని చెప్తే సెట్టింగ్ మారుస్తారు. రెండు మూడుసార్లు తిరగక తప్పదు. అమ్మిన తర్వాత మొహం చూడని షాపులూ ఉన్నాయి, అది వేరే గోల.

చెమటకి: రాత్రిపూట బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెట్టండి. బ్యాటరీలకి రంగు స్టిక్కర్ ఉంటుంది, 312కి గోధుమ, 13కి నారింజ. అది పీకగానే గాలి తగిలి పనిచేయడం మొదలవుతుంది. మళ్లీ అతికించినా లాభం లేదు. అందుకని ముందే పీకి పెట్టుకోవద్దు.

నిద్రపట్టని మనిషి (వరంగల్)
సోమవారం, మధ్యాహ్నం 3.05

లక్ష్మి గారూ, నిన్న పొద్దున లేచేసరికి ఒక చెవి మూసుకుపోయినట్టుంది. జలుబు లేదు. గుబిలి అయ్యుంటుందా? వేడి నూనె వేద్దామా?

ఆడియో లక్ష్మి
సోమవారం, మధ్యాహ్నం 3.11

నూనె వద్దు, ఏమీ వేయకండి. ఈరోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గుబిలే అయితే మంచిదే, తీసి పంపిస్తారు. లోపలి చెవి నరానికి హఠాత్తుగా దెబ్బ తగిలి ఉంటే మాత్రం ఎంత త్వరగా మందు మొదలుపెడితే అంత మేలు. వారం ఆగి చూద్దాం అనుకోవద్దు.

మోడరేటర్
సోమవారం, మధ్యాహ్నం 3.40

హియరింగ్ ఎయిడ్ల మీద విడిగా ఒక చర్చ మొదలుపెట్టాను, ఆ ప్రశ్నలు అక్కడికి మార్చండి. వరంగల్ వారు డాక్టర్ ఏమన్నారో అక్కడ రాయండి. ఇక్కడ అవధానం సంగతి కొనసాగించండి.

పద్యప్రియ
సోమవారం, రాత్రి 8.20

మౌనవేణి గారూ, మీ జవాబు చదివాను. ఆ చేతి ఆకారాల ప్రాస గురించి తెలుసుకోవాలని ఉంది. అది మళ్లీ మాట్లాడదాం.

ఇప్పుడు కార్యక్రమం గురించి. ఏర్పాట్లు చేయాలనే అనుకుంటే అవధానం తెలిసినవాడిగా నాలుగు ముక్కలు చెప్తాను. అవధానాల్లో మామూలుగా ఉండే ఘంటాగణనం ఈసారికి ఎందుకు? గంట ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టడం వినపడనివారికి ఏం తెలుస్తుంది? దాని బదులు పుష్పగణనం పెట్టండి. వెనక నుంచి అవధాని వీపు మీద పువ్వులు వేస్తారు, ఎన్ని తగిలాయో ఆయన చివర్లో చెప్పాలి. అదీ మన సంప్రదాయంలో ఉన్నదే. హాలంతా కళ్లతో లెక్కపెట్టుకోవచ్చు. మల్లెలు మాత్రం వద్దు, తగిలినట్టే తెలియవు. బంతిపూలు తెప్పించండి.

తెర అవధాని వెనక ఉండాలి. ప్రేక్షకులకి కనపడుతుంది, ఆయనకి కనపడదు. ఎదురుగా అద్దాల కిటికీలు ఉన్నాయేమో కూడా చూసుకోండి, ప్రతిబింబం కనపడితే తంటా.

గోదారిగట్టు
సోమవారం, రాత్రి 9.00

పద్యప్రియ గారూ, ఇది మా ఎవరికీ తట్టలేదు. అవధాని గారికి ఫోన్ చేసి అడిగాను, పువ్వులకి సరే అన్నారు. తెర వెనకే ఉండాలని ఆయన కూడా గట్టిగా చెప్పారు.

ఆ అమ్మాయిని కూడా అడిగాను. ఇంటర్‌ప్రెటర్ కావాలంది. వాళ్లాయనకి తెలుగు అంతగా చదవడం రాదట. తనకి మాత్రం నిషిద్ధాక్షరి, అంటే అవధాని ఒక్కో అక్షరం చెప్తుంటే తర్వాతి అక్షరం ఫలానాది వద్దని పృచ్ఛకుడు అడ్డుపడే అంశం, తెర మీద చూడాలని ఉందట.

మౌనవేణి
సోమవారం, రాత్రి 9.25

ఆ అమ్మాయి అడిగింది సబబే. భారతీయ సైగల భాషలో రెండు చేతులతో వేళ్ల అక్షరాలు చూపిస్తాం, ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలే. ఒక్కో తెలుగు అక్షరాన్నీ చెప్తూ, కాదంటూ పోయే నిషిద్ధాక్షరిని చేతులతో చూపించడం నరకం. అక్కడ తెరే నయం. రెండు గడులు వేయండి. ఒకదాంట్లో అవధాని చెప్పిన అక్షరం, రెండోదాంట్లో పృచ్ఛకుడు వద్దన్న అక్షరం. ఇంటర్‌ప్రెటర్లకీ ఊపిరి తీసుకోవడానికి సమయం దొరుకుతుంది.

పద్యప్రియ
సోమవారం, రాత్రి 9.40

ఆ రెండు గడులు నాకూ కావాలి. ఇన్నేళ్లుగా అవధానాలు చూస్తున్నా, నిషిద్ధాక్షరిలో రెండో పాదం దాటాక ఏ అక్షరం నిషేధించారో గుర్తుండదు. హాల్లో ఎవరికీ ఉండదు, ఉన్నట్టు తల ఊపుతారు.

ఎడమచెవి
సోమవారం, రాత్రి 9.52

పద్యంలో ఇమడ్చమని దత్తపదికి ఇచ్చే నాలుగు పదాలు, పద్యంగా పూరించమని ఇచ్చే సమస్య పాదం ఒక తెల్లబోర్డు మీద చివరిదాకా కనపడేలా రాసి ఉంచండి. అవి ఎటూ అవధానికి తెలిసినవే, దాచాల్సింది లేదు. అన్నీ ఒక్క తెర మీదే వేస్తే ముందరివి పైకి పోయి మాయమవుతాయి.

గోదారిగట్టు
మంగళవారం, ఉదయం 7.30

ఒక అనుమానం. ఇంటర్‌ప్రెటర్లు పద్యాలు ముందే ఇమ్మంటున్నారు. పురాణ పఠనం పద్యాలు, సమస్య ముందే ఇస్తే బయటికి పొక్కదా? పృచ్ఛకులు ఒప్పుకోవడం లేదు.

మౌనవేణి
మంగళవారం, ఉదయం 8.10

ఇవ్వాల్సిందే. భాగవతం పద్యాన్ని అప్పటికప్పుడు విని సైగల్లోకి మార్చమంటే ఎంత చదివినవాళ్లయినా నీళ్లు నములుతారు. రహస్యం కాపాడటం వాళ్ల వృత్తి నియమం. కోర్టుల్లో, ఆసుపత్రుల్లో మా సొంత విషయాలు వాళ్ల చేతుల్లోంచే పోతాయి, సమస్యాపూరణం దాచలేరా? అంతగా భయమైతే పద్యం, దాని తాత్పర్యం కవర్లో పెట్టి ఆరోజు పొద్దున ఇవ్వండి. మరీ పది నిమిషాల ముందు మాత్రం వద్దు.

డల్లాస్ బాబాయ్
మంగళవారం, ఉదయం 8.30

హాల్లో లూప్ వేయించే వీలుందా? చుట్టూ ఒక తీగ తిప్పి ఆంప్లిఫయర్‌కి కలిపితే, మెషీన్‌లో టీ స్విచ్ ఉన్నవాళ్లకి మైకు మాట నేరుగా చెవిలోకి వస్తుంది. రొద, ప్రతిధ్వని ఉండవు. ఇక్కడ మా చర్చి పక్కన కమ్యూనిటీ హాల్లో ఉంది. గోడ మీద చెవి బొమ్మ, దాని పక్కన టీ అక్షరం ఉంటాయి.

ఆడియో లక్ష్మి
మంగళవారం, ఉదయం 9.15

మంచిదే, కానీ అద్దె హాలుకి ఈసారికి వద్దు. ఇప్పుడొచ్చే చిన్న మెషీన్లలో చాలావాటికి ఆ టీ కాయిల్ ఉండదు. ముందు ఆ ఇద్దరు పెద్దాయనల దగ్గర ఏ మెషీన్ ఉందో కనుక్కోండి. ప్రస్తుతానికి మంచి మైకులు, జంపఖానాలు, తెర, స్పీకరుకి దగ్గర కుర్చీ చాలు. మరీ స్పీకరు ముందే కూర్చోబెట్టకండి, మెషీన్ కీచుమంటుంది.

గోదారిగట్టు
మంగళవారం, రాత్రి 10.05

ఇవాళ కమిటీలో తేల్చాం. ఇంటర్‌ప్రెటర్లు ఇద్దరు, డీటీపీ కొట్టే మనిషి, ఆయన పక్కన ఛందస్సు తెలిసిన మా మాస్టారు. ఆ డబ్బు కోసం అవధాని గారికి వేయాల్సిన శాలువాలు, జ్ఞాపికలు తగ్గించాం. ముఖ్య అతిథుల సంఖ్య కూడా ఆరు నుంచి రెండుకి దించాం. అది ఎప్పుడో చేయాల్సింది! ఒక్క కోశాధికారి గారే ఇంకా గొణుగుతున్నారు, "ఇంటర్‌ప్రెటర్లు ఇద్దరు ఎందుకు, ఒక్కరు చాలదా" అని.

సౌండ్ సత్తిబాబు
మంగళవారం, రాత్రి 10.20

ఆయన్ని స్టేజీ మీద నిలబడి మూడు గంటలు ఆగకుండా చేతులు ఊపమను, ఒక్కరు చాలో లేదో తేలిపోతుంది. సరేగానీ అన్నా, తెరకీ అవధాని కుర్చీకీ మధ్య ఎన్ని అడుగులు? ఇంటర్‌ప్రెటర్ నీడ తెర మీద పడకుండా లైటు పక్క నుంచి కొట్టాలి. రేపు పొద్దున హాలు ఫోటోలు నాలుగు వైపుల నుంచీ తీసి పెట్టు.